ముడిమ్యాల ఎండలో తెల్ల రేకు

తిరిగొచ్చి వారం దాటింది. నా కోపం మాత్రం ఇంకా దిగలేదు. "చేవెళ్ళ చూడ్డానికి వెళ్ళారా, తగువులు పెట్టుకోవడానికి వెళ్ళారా?" అని మా ఆవిడ అడుగుతోంది. రెండూ జరిగాయి. హైదరాబాదులో ఏళ్ళ తరబడి కాపురముండి, గోల్కొండ కోటా చార్మినారూ చూసేసి, ఈ జిల్లా అంతా చూశామనుకునే నా బోటివాళ్ళు చాలామంది ఉన్నారు. లంగర్‌హౌస్ దాటి పడమటికి వెళ్ళే రోడ్డు మీద ఏముందో వాళ్ళకు తెలియదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. మధ్యమధ్య కోపం అడ్డొస్తే సర్దుకోండి. దాన్ని పక్కన పెట్టి రాయడం నాకు చేతకాదు.

తాళం పడిన గది

ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. నేను కెమిస్ట్రీ లెక్చరర్ని. పుట్టింది తెనాలి పక్కన, ఉద్యోగం హైదరాబాదులో. రూబేను నా విద్యార్థి, ముడిమ్యాల కుర్రాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఎదురు ప్రశ్న వేయకుండా ఎవరు చెప్పినా ఏ మాటా ఒప్పుకునేవాడు కాదు.

మేమిద్దరం కలిసి ఒక పని మొదలుపెట్టాం. తెల్ల రంగుల్లో కలిపే టైటానియం పొడి ఒకటుంది. అది రాగిలాగా కరెంటును ధారాళంగా పోనివ్వదు, గాజులాగా పూర్తిగా ఆపనూ ఆపదు. అలాంటి వాటిని అర్ధవాహకాలంటారు. ఆ పొడిని ఒక రేకు మీద పూతగా కాల్చి, నీళ్ళలో నిలబెట్టి, దాని మీద ఎండ పడనిస్తే కరెంటు పుడుతుంది. ఆ కరెంటు తీగ వెంట వెళ్ళి, పక్క గిన్నెలో ముంచిన ప్లాటినం తీగ దగ్గర హైడ్రోజన్‌ను బుడగలుగా పైకి తెస్తుంది. బొగ్గు అక్కర్లేదు, కిరసనాయిలు అక్కర్లేదు. ఎండా నీళ్ళూ ఉంటే చాలు, మండే గ్యాసు తయారు. జపానులో ఎవరో ఈ దారిన పోతున్నారని ఒక పెద్దాయన ఉపన్యాసంలో విన్నాం. "మనకున్నంత ఎండ వాళ్ళకు యాడున్నది సారూ?" అన్నాడు రూబేను. మేం పూసిన పూత ప్రతిసారీ పెచ్చులూడి పోయేది. చివరికి నిలిచే పూత పూసింది వాడే. ఆ రేకును కిటికీ ఎండలో పెట్టగానే ప్లాటినం తీగ చుట్టూ ఆవగింజల్లాంటి బుడగలు లేచాయి. ఆ పూట వాడు క్యాంటీనులో కనబడిన వాళ్ళందరికీ సమోసాలు కొనిపెట్టాడు.

తర్వాత ఈ ఏటి ఉద్యమం రేగింది. ప్రత్యేక తెలంగాణ కావాలని, తమ వాటా తమకు దక్కాలని విద్యార్థులు రోడ్డెక్కారు. కాలేజీలు మూసేశారు. ఊరేగింపులో వెళ్ళిన రూబేను పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

వాడి తండ్రి దావీదు ముడిమ్యాలలో బడిపంతులు. కొడుకు శవాన్ని తీసుకెళ్ళడానికి దవాఖానకు వచ్చినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు. "మా అమ్మ ఒక్కటే మాట పట్టుకున్నది సారూ. పిల్లగాడు పట్నంల సదువు ఇడిసిపెట్టి ఏం జేస్తుండె అని. ఆడు ఏం జేసిండో ఒక్కపారి ఇంటికొచ్చి ఆమెకు సూపిస్తరా?" చూపిస్తానని మాటిచ్చాను.

మా శాఖ పెద్దకు సంగతంతా చెప్పాను. ప్రయోగం గురించి పత్రికకు రాసి పంపేటప్పుడు రూబేను పేరు ముందుండాలని కూడా అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "గొడవల్లో పోయిన పిల్లవాడి పేరు మనకెందుకండీ, పైవాళ్ళు అడిగితే ఏం చెబుతాం?" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. పూత పూసింది వాడు, మొదటి బుడగ చూసింది వాడు. మనిషి పోతే పేరు కూడా పోవాలా? నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. మర్నాడు వెళ్ళేసరికి లేబరేటరీకి తాళం వేసి ఉంది. రేకూ, మిగిలిన పొడి డబ్బా, ప్లాటినం తీగా అప్పటికే నా ఇంట్లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. ఈస్టరు పండక్కి రమ్మని దావీదు కబురు పెడితే గురువారం మధ్యాహ్నం బస్సెక్కాను.

కల్వర్టు దగ్గర

మెహిదీపట్నం నుంచి బయల్దేరిన బస్సులో సగం మంది కూరగాయలు అమ్ముకుని తిరిగి వెళ్ళేవాళ్ళు. ఖాళీ గంపల్లో కొత్తిమీర వాసన మిగిలి ఉంది. మా వైపు బస్సులో పక్కవాడు మొదట మీదేవూరని అడుగుతాడు. ఇక్కడ నా పక్కన కూర్చున్న పెద్దావిడ "తిన్నవా కొడుకా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే జామకాయ ఒకటి ఒళ్ళో పడేసింది. ఆ కాయ తింటూ కాసేపు నా కోపం కూడా మరిచిపోయాను.

మొయినాబాద్ ఇంకా రాకముందే ఒక కల్వర్టు దగ్గర పోలీసులు బస్సు ఆపారు. నా పెట్టె తెరవమన్నారు. తీగలు, గాజు గిన్నె, ముల్లు తిరిగే మీటరు, ఆసిడ్ సీసా, ఒక డబ్బా నిండా తెల్ల పొడి. వాళ్ళ వైపు నుంచి చూస్తే అనుమానం రావడంలో తప్పు లేదని ఇప్పుడు ఒప్పుకోగలను. అప్పుడు ఒప్పుకోలేదు.

"ఏమిటిదంతా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ప్రయోగం సామాను. ఈ రేకును ఎండలో పెడితే నీళ్ళలోంచి గ్యాసు వస్తుంది."

"ఏం గ్యాసు?"

"హైడ్రోజన్. బాగా మండుతుంది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. బస్సులో ఉన్నవాళ్ళు కూడా రెండు సీట్లు వెనక్కి జరిగారు. ఇన్‌స్పెక్టరు ఆసిడ్ సీసాను రోడ్డు పక్క గుంటలో పారబోయించాడు. రేకు మీద ఆ తెల్లటిదేమిటో చూడమని కానిస్టేబులుకు చెప్పాడు. కానిస్టేబులు జేబులోంచి చాకు తీసి, చేప పొలుసు తీసినట్టు పూతను గీకడం మొదలుపెట్టాడు. నేను అరిచాను. ఇద్దరు నన్ను వెనక్కి పట్టుకున్నారు. వద్దని అరిచిన కొద్దీ వాళ్ళ అనుమానం పెరిగింది, గీకుడూ పెరిగింది.

"ఉత్త సున్నమే సార్," అన్నాడు కానిస్టేబులు చివరికి, నిరాశగా.

రూబేను నెలల తరబడి కష్టపడి నిలబెట్టిన పూత రోడ్డు మీద దుమ్ములో కలిసిపోయింది. రేకు మీద ఒక మూల రూపాయి బిళ్ళంత మాత్రం మిగిలింది. క్షమించమన్న మాట ఒక్కటి రాలేదు. "పో పో, బస్సెక్కు" అన్నారు. చంపింది చాలక వాడి చేతిపని కూడా చెరిపేశారని నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. పొడి డబ్బా మాత్రం మూత పెట్టి తిరిగి ఇచ్చారు. మళ్ళీ పూత పూసి కాల్చుకోవచ్చు, ఆదివారానికి ఇంకా సమయముందని నాకు నేను చెప్పుకున్నాను.

మొయినాబాద్

ముందు దారిలో బస్సుల మీద రాళ్ళు రువ్వుతున్నారని మొయినాబాద్‌లో బస్సు నిలిపేశారు. రోడ్డు పక్క ఖాజా భాయ్ హోటలు ఉంది. టీ పదిహేను పైసలు. ఆబిడ్స్‌లో ఇంతకు రెట్టింపు తీసుకుని సగం కప్పు పోస్తారు. ఇక్కడ కప్పు నిండి సాసరులోకి పొంగేదాకా పోస్తాడు. అది పొరపాటనుకుని నేను సాసరు వంచి పారబోయబోతే ఖాజా భాయ్ కంగారుపడి, "అరె సాబ్, గదే అసలు టేస్ట్!" అని ఆపాడు. సాసరులోదే ముందు తాగాలట. తాగాను. ఆయన చెప్పింది నిజమే.

రాత్రి భోజనానికి జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు, ఉల్లిగడ్డ. పూటకు అన్నం పడకపోతే నిద్ర పట్టని డెల్టా మనిషిని నేను. రెండో రొట్టె అడిగి మరీ తిన్నాను. ఆ తొక్కు కారానికి చెవులు దిమ్మెక్కాయి. మా గుంటూరు కారానికి సాటి లేదని ఇన్నాళ్ళూ విర్రవీగిన వాణ్ణి, ఆ సంగతి అక్కడ ఎత్తలేదు.

ఎత్తకపోయినా బయటపడింది. పక్క బల్ల దగ్గర ముగ్గురు కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎంకపల్లి వాళ్ళట. నేను ఇంకో గ్లాసు మంచినీళ్ళు ఇవ్వండి అన్న తీరుకే వాళ్ళలో ఒకడు తల తిప్పాడు.

"ఏ ఊరు సారూ మీది?"

"తెనాలి."

"నౌకరీ పట్నంలనా?"

"అవును."

"మా నౌకరీలు మీకెట్ల దొరుకుతున్నయ్ సారూ? మేం డిగ్రీ చదివి గీడ టీ తాగుకుంట కూసున్నం."

మధ్యాహ్నం నుంచి మింగుకుంటున్న కోపం ఒక్కసారిగా పైకొచ్చింది. పోలీసు నన్ను మీ వాణ్ణనుకుని నా పెట్టె నాశనం చేశాడు, మీరు నన్ను బయటివాణ్ణని నిలదీస్తున్నారు, నేనెటు పోవాలి అని బల్ల గుద్దాను. సాసరు ఎగిరి కింద పడి పగిలింది. ముడిమ్యాల రూబేను ఇంటికి పోతున్నాను, వాడు నా విద్యార్థి, పోనిస్తే పోనివ్వండి లేకపోతే ఇక్కడే కూర్చుంటాను అన్నాను.

రూబేను పేరు వినగానే వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ మొదటి కుర్రాడు వంగి సాసరు ముక్కలు ఏరి, "నా మాట నిజమే సారూ. కాని మీరు మా రూబేనన్న సారు. రేపు పొద్దుగాల మా ట్రాక్టర్ మీద చేవెళ్ళల దింపుతం," అన్నాడు. మాట వెనక్కి తీసుకోలేదు, ట్రాక్టరు మాత్రం తెచ్చాడు. నాకు ఆ కుర్రాడు నచ్చాడు.

చేవెళ్ళ

శుక్రవారం చేవెళ్ళలో బందు. పైగా గుడ్‌ఫ్రైడే. అంగళ్ళన్నీ మూసి ఉన్నా పెరటి తలుపులన్నీ తెరిచే ఉంటాయని కాసేపటికి తెలిసింది. నా ప్రయోగానికి ఒక గిన్నెలో సోడా నీళ్ళు, ఇంకో గిన్నెలో ఆసిడ్ కావాలి. బట్టల సోడా ఒక కిరాణా కొట్టు వెనక వాకిట్లో దొరికింది. పోలీసు పారబోసిన ఆసిడ్‌కు బదులు ఏమిటని తిరిగి తిరిగి, లారీ బ్యాటరీలు బాగుచేసే మెకానిక్ ఇంటికి వెళ్ళాను. అతను మంచం మీద పడుకుని ఉన్నాడు. బందు రోజు పని చేస్తే ఊరు ఊరుకోదన్నాడు. పని చేయొద్దు, ఆసిడ్ మాత్రం ఇవ్వమన్నాను. అతను లేవకుండా మూల ఉన్న సీసా వైపు వేలు చూపించాడు. నేను పోసుకున్నాను, డబ్బులు గూట్లో పెట్టాను. అతను కదల్లేదు కాబట్టి బందు చెడలేదు.

ప్రార్థన మందిరంలో మిట్టమధ్యాహ్నం ఆరాధన జరుగుతోంది. తెల్ల బట్టలు కట్టుకున్న జనం గుమ్మం బయట దాకా కూర్చుని ఉన్నారు. పంకా లేదు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా సాయంత్రం దాకా ఉంటారట. మా వైపు ఉపవాసమంటే అన్నం మానేసి ఫలహారాలు లాగిస్తాం. ఇది నిజమైన ఉపవాసంలా ఉందే అనుకుని నేను కూడా ఆ పూట తిండి మానేశాను. మొక్కు లేదు, హోటలు మూసి ఉంది, అంతే.

ముడిమ్యాల

శనివారం పొద్దున ముడిమ్యాల చేరాను. దావీదు ఎదురొచ్చి పెట్టె అందుకున్నాడు. వాళ్ళమ్మ మార్తమ్మ చెంబుతో కాళ్ళకు నీళ్ళిచ్చింది. నిటారుగా ఉండే మనిషి. కళ్ళలో తడి లేదు.

"నువ్వేనా మావోని సారు?" అంది.

"అవునమ్మా."

"ఏం జేయించినవ్ మావోనితోని?"

"రేపు చూపిస్తాను."

"సూపియ్యి. సూడాలె," అంది. ఆ మాటలో ఆశ లేదు, నిలదీత ఉంది. పొలం అమ్మి వాణ్ణి చదివించిందట ఆవిడ.

రేకు మీద మళ్ళీ పూత పూసి కాల్చాలంటే గట్టి వేడి కావాలి. కొలిమి వాడుకోనిస్తాడేమో అడుగుదామని దావీదుతో కలిసి కమ్మరి దగ్గరికి బయల్దేరాను. పెట్టె లోపల పెట్టి, పొడి డబ్బా మాత్రం చేతికందేలా అరుగు మీద ఉంచాను. కమ్మరి మొదట నవ్వాడు, తర్వాత ఒప్పుకున్నాడు. తిరిగొచ్చేసరికి డబ్బా కడిగి, ఎండలో బోర్లించి ఉంది.

డబ్బా తీసి లోపలికి చూశాను. మార్తమ్మ లోపలి నుంచి వచ్చి, ఆ రోజుకు మొదటిసారి కొంచెం మెత్తగా మాట్లాడింది.

"మంచి సున్నం తెచ్చినవ్ బిడ్డా. పాలలెక్క ఉన్నది. దేవుడు నిన్ను సల్లగ సూడాలె."

దావీదు తర్వాత విడమరిచి చెప్పాడు. ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధుల దగ్గరికి పోయి కొవ్వొత్తులు వెలిగిస్తారు. దానికి ముందు రోజు సమాధులకు సున్నం వేస్తారు. ఏడాది లోపు మనిషి పోయిన ఇంటికి ఆ పండక్కి వచ్చే చుట్టం ఉత్త చేతులతో రాడు. సున్నం తెచ్చి, అడగకుండా అడగనివ్వకుండా అరుగు మీద పెడతాడు. ఇంటివాళ్ళు కూడా ఏమీ అడక్కుండా తీసుకుంటారు. ఈసారి బందుల వల్ల లారీలు లేక ఊరికి సున్నం రాలేదు. మనవడి సమాధి మొదటి పండక్కే మట్టి రంగులో ఉండిపోతుందని ఆవిడ నాలుగు రోజులుగా కుమిలిపోతోంది. నేను వచ్చి తెల్ల పొడి డబ్బా సరిగ్గా అరుగు మీద పెట్టాను. ఆవిడ దాన్ని గంజితో కలిపి, స్వయంగా పోయి, సమాధికి పూసి వచ్చింది.

దావీదును గడ్డివాము వెనక్కి లాక్కెళ్ళి గొంతు చించుకోకుండా ఎంత కోప్పడవచ్చో అంతా కోప్పడ్డాను. అంత శుద్ధి చేసిన పొడి కోసం ఏడాది తిరిగానని, ఈ దేశంలో మళ్ళీ దొరకదని, మీ అమ్మకు చూపించడానికి తెచ్చిందంతా మీ అమ్మే గోడకు సున్నం కొట్టినట్టు కొట్టేసిందని అన్నాను. అక్కడ కట్టేసిన బర్రె నా వైపు విసుగ్గా చూసింది. దావీదు అంతా విని మెల్లగా అన్నాడు.

"ఇప్పుడు జెప్తే మా అమ్మ మల్ల పోయి గీకి తెస్తది సారూ. ఆమె గసొంటిదే. జెప్పుమంటరా?"

వద్దన్నాను. మొన్న రోడ్డు మీద ఒక గీకుడు చూశాను, చాలు. కానీ కోపం ఎవరి మీద చూపాలో తెలియక ఆ సాయంత్రమంతా ఊరి చుట్టూ తిరిగాను. బస్సు ఆపిన పోలీసు మీద, తాళం వేసిన పెద్దమనిషి మీద, అరుగు మీద డబ్బా పెట్టిన నా చేతి మీద, అన్నిటి మీదా ఒకేసారి కోపంగా ఉంది. మాట నిలబెట్టుకోలేకపోతానేమో అన్నదే అసలు బాధ.

ఆదివారం

తెల్లవారుజామున సమాధుల దగ్గర ఊరంతా ఉంది. పాటలు పాడారు. చుట్టూ సున్నం అందక మాసిపోయిన సమాధుల మధ్య రూబేనుది ఒక్కటే ధగధగలాడుతోంది. పొద్దు పొడవగానే దాని వైపు చూడ్డానికి కళ్ళు చికిలించాల్సి వచ్చింది. జనం ఆగి ఆగి చూస్తున్నారు. మార్తమ్మ తల ఎత్తుకుని నిలబడింది. దాన్ని చూశాక నా పొడి పాడైందన్న మాట నా నోటికి రాలేదు.

ఆరాధన అయ్యాక బగారన్నం, కోడికూర తిన్నాం. తర్వాత, ఉన్నదాంతోనే చూద్దామని వాకిట్లో ముక్కాలిపీట వేసి సామాను అమర్చాను. ఒక గిన్నెలో సోడా నీళ్ళు, అందులో గీకుడు పడ్డ రేకు. ఇంకో గిన్నెలో బ్యాటరీ ఆసిడ్, అందులో ప్లాటినం తీగ. రెంటినీ కలిపే గొట్టంలో, అవి కలిసిపోకుండా, కాల్చిన మట్టి అడ్డు. ఏప్రిల్ ఎండ నడినెత్తిన ఉంది. ఆ రూపాయి బిళ్ళంత పూత మీద ఎండ పడేట్టు రేకు తిప్పాను. మీటరు ముల్లు కొంచెం కదిలింది. చాలాసేపు ఇంకేమీ కాలేదు. అప్పుడు ప్లాటినం తీగ చివర ఒక బుడగ పుట్టింది, పెద్దదైంది, విడివడి పైకి పోయింది. వెనకాలే ఇంకొకటి.

"వచ్చింది!" అని అరిచాను. నాకు ఏడుపు ఆగలేదు. "ఇదమ్మా మీ మనవడు చేసింది. ఈ పూత వాడి చేతిది. నిన్న మీరు వాడి సమాధికి వేసిన తెల్లదీ ఇదీ ఒకటే."

ఆవిడ నా వైపు, రేకు వైపు మార్చి మార్చి చూసింది. సంగతి అర్థమైనట్టుంది. పీట దగ్గరికి వచ్చి కూర్చుంది. వంగి, బుడగలను చాలాసేపు చూసింది. అరచెయ్యి రేకుకు అడ్డం పెట్టింది. ముల్లు పడిపోయింది, కాసేపటికి బుడగలు ఆగాయి. చెయ్యి తీసింది. మళ్ళీ మొదలయ్యాయి.

"పొయ్యి మండుతదా దీనితోని?"

"మండుతుంది. ఇంకా పెద్ద రేకులు చేస్తే దీపాలు కూడా వెలుగుతాయి."

"మావోనికి గింత తెలివున్నదా?" అంది. ఆ ఒక్క క్షణం ఆవిడ ముఖం వికసించింది. మాట నిలబెట్టుకున్నానని నా మనసు తేలికపడింది.

అంతలోనే ఆవిడ అడిగింది. "ఎండ మాది. నీళ్ళు మా బాయిలయి. ఈ గ్యాసు ఎవలకు పోతది?"

"అందరికీ అవ్వా," అన్నాను.

"అందరికంటె?"

"అంటే అందరికీ. ఊళ్ళకీ పట్నానికీ."

"మా తల్లిగారి ఊరు గండిపేట నీళ్ళ కింద ఉన్నది బిడ్డా. కట్ట కట్టేటప్పుడు మా బాపుకు గూడ గిట్లనే జెప్పిండ్రు, నీళ్ళు అందరికి అని. పట్నంల ఇంటింటికి నల్లా వచ్చిందట. నేను ఇయ్యాల పొద్దుగాల గూడ బాయిల చేదుకున్న."

అలా కాదని ఏదో చెప్పబోయాను. చదువుకున్నవాళ్ళు ఇలాంటప్పుడు చెప్పే మాటలు నాకూ చాలా వచ్చు. మార్తమ్మ అరచెయ్యి మళ్ళీ రేకు మీద నీడ పట్టింది. బుడగలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"మా పిల్లగాడు గా మాట అడగనీకే పోయిండు, ఎవలకు అని. జవాబు జెప్పకుంట కాల్చిండ్రు. నువ్వు సారువు కద, నువ్వన్న జెప్పు. జెప్పినంక చెయ్యి తీస్త."